మా చిన్న ఎయిర్‌పోర్ట్‌కి రెండో రూట్

నేను దక్షిణ జార్జియాలోని ఆ ఊరికి వెళ్లేసరికి అక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచి రోజుకి రెండే ఫ్లైట్లు, రెండూ అట్లాంటాకే. పొద్దున పదిన్నరకి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. దిగినవాళ్లు పది నిమిషాల్లో కార్లెక్కి వెళ్లిపోయేవాళ్లు. ఆ తర్వాత టెర్మినల్‌లో మిగిలేది ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు, సగం రోజులు పనిచేయని ఒక కాఫీ మెషిన్, బ్యాగేజీ ఆఫీసు పక్క గదిలో నేను.

నేను చదివింది స్టాటిస్టిక్స్. చికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో హెచ్-1బీ వీసా మీద పని. చిన్న ఎయిర్‌పోర్ట్‌లకి లెక్కలు కట్టిపెట్టడం మా కంపెనీ వ్యాపారం. ఈ ఊరి జనం ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతారు, ఎక్కడికి పోతారు, ఇక్కడే ఎక్కుతారా లేక పెద్ద ఊరిదాకా డ్రైవ్ చేసుకుని పోయి అక్కడ ఎక్కుతారా, కొత్త రూట్ వేస్తే నిలబడుతుందా లేదా, ఇవీ మేము చెప్పాల్సినవి. ఆ ఏడాది ఆ ఊళ్లోనే ఉండి పని చేయమని నన్ను పంపారు.

ఒకే కంపెనీ, ఒకే రూట్ ఉన్న ఎయిర్‌పోర్ట్ ఎప్పుడూ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. నేను చేరిన రెండో వారంలోనే విమాన కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చిన్న ఊళ్లకి వేసే ఫ్లైట్లన్నీ మళ్లీ పరిశీలిస్తున్నామని మర్యాదగా రాశారు. ఎయిర్‌పోర్ట్ డైరెక్టర్ దాన్ని రెండుసార్లు చదివి నా టేబుల్ మీద పెట్టింది. అరవైకి దగ్గర పడుతున్న అమెరికన్ ఆవిడ. రన్‌వే మీదికి జింకలొస్తే తానే ట్రక్ వేసుకుపోయి తరిమేది. అందరినీ 'హనీ' అని పిలిచేది. ఆ రోజు మాత్రం పిలవలేదు.

"రెండిట్లో ఒకటి తీసేస్తారు. ఒకటే మిగిలితే జనం రావడం మానేస్తారు. అప్పుడు అదీ పోతుంది. పక్క ఊరికి అలాగే జరిగింది" అంది.

దానికి విరుగుడుగా ఎయిర్‌పోర్ట్ బోర్డు ఒక ఆలోచన చేసింది. ఇంకో రూట్ తెచ్చుకుందాం, డల్లాస్‌కి. పడమటి వైపు వెళ్లేవాళ్లందరికీ అట్లాంటా తిరుగుడు తప్పుతుంది, రెండు వైపులా దారి ఉంటే ఎయిర్‌పోర్ట్ పెరుగుతుంది. ఈ మాట మొదట అన్నది బోర్డులో ఉన్న మన తెలుగాయన. కిడ్నీ డాక్టరు. గుంటూరు వైపు మనిషి. ముప్పై ఏళ్ల కిందట ఆ ఊరొచ్చి అక్కడే ఉండిపోయారు. చుట్టుపక్కల మూడు కౌంటీలకి కిడ్నీ డాక్టరు ఆయనొక్కరే.

మొదటి మీటింగ్ అయిపోగానే కుర్చీలు దాటుకుంటూ నా దగ్గరికొచ్చి, "తెలుగమ్మాయివేనా? ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు.

"అమలాపురం దగ్గరండీ."

"ఈ ఊళ్లో మనవాళ్లు ఐదిళ్లవాళ్లం. నీతో ఆరు. ఆదివారం భోజనానికి వచ్చెయ్. మళ్లీ పిలవను, ప్రతి ఆదివారం వచ్చెయ్యడమే."

అలాగే వెళ్లేదాన్ని. వాళ్లావిడ, ఆంటీ, వంట చేస్తుంటే ఆయన టేబుల్ దగ్గర కూర్చుని డల్లాస్ గురించి మాట్లాడేవారు. అది ఊరి సంగతి మాత్రమే కాదని నాకు మూడో ఆదివారానికి తెలిసింది. ఆయనకి డెబ్బై దగ్గరపడింది. తన తర్వాత ఊళ్లో తను నడిపే డయాలిసిస్ సెంటర్‌ని చూసుకోవడానికి ఒక డాక్టరు కావాలి. నాలుగేళ్లుగా వెతుకుతున్నారు. వచ్చి చూసి వెళ్లినవాళ్లు ముగ్గురు. మూడోవాడు మన కరీంనగర్ అబ్బాయి. ఊరు నచ్చింది, ఆసుపత్రి నచ్చింది. కానీ భార్యకి డల్లాస్‌లో ఉద్యోగం. "అంకుల్, డైరెక్ట్ ఫ్లైట్ ఉంటే వారం వారం వెళ్లొస్తా, లేకపోతే కష్టం" అన్నాడట.

"ఫ్లైట్ వస్తే వాడొస్తాడమ్మా. వాడొస్తే నేను ఇంట్లో కూచుంటాను" అన్నారు డాక్టర్‌గారు. వంటగదిలో ఆంటీ చేతిలో గరిట ఆగింది.

అలా మొదలైంది మా పని. ఊళ్లో పెద్ద కంపెనీలకీ, ఆసుపత్రికీ, కాలేజీకీ నేను ఒక ఫారం తయారుచేసి పంపాను. మీవాళ్లు ఏడాదిలో ఎక్కడెక్కడికి ఎన్నిసార్లు వెళ్లారు, ఇక్కడ ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదు అని. వేరుశనగ మిల్లు నుంచి, పేపర్ మిల్లు నుంచి, చర్చిల నుంచి కూడా జవాబులొచ్చాయి. ఇంకో పని, అట్లాంటా ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ లాట్లలో మా కౌంటీ కార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. జార్జియా నంబర్ ప్లేట్ కింది భాగంలో కౌంటీ పేరుంటుంది. ఆ పేరున్న కారు అక్కడ నిలబడి ఉందంటే మా ఎయిర్‌పోర్ట్‌ని కాదని నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చిన మనిషన్నమాట. వింతగా ఉంటుంది కానీ ఈ పనిలో అందరూ చేసేదే.

డాక్టర్‌గారు తానూ వస్తానన్నారు. ఆగస్టు ఎండలో ఇద్దరం చెరో వరసా పట్టుకుని నడిచాం. మూడో లాట్‌లో ఉండగా ఒక సెక్యూరిటీ కారు నెమ్మదిగా వచ్చి మా పక్కన ఆగింది. లోపలున్నతను దిగలేదు. కిటికీ దించి, కార్ల నంబర్లు ఎందుకు రాసుకుంటున్నారని అడిగాడు. అనుమతి ఉత్తరం బ్యాగులో ఉంది, బ్యాగు మా కార్‌లో ఉంది, కారు రెండు లాట్ల అవతల ఉంది. చేతులు కనపడేలా పెట్టుకుని నిలబడ్డాను. డాక్టర్‌గారు చెమట తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెట్టబోతే, "వద్దండీ, తియ్యకండి" అన్నాను తెలుగులో. అతని చూపు వెంటనే ఆయన చేతి మీదికి పోయింది.

ఇరవై నిమిషాలు అలాగే నిలబెట్టాడు. ఫోన్‌లో మా డైరెక్టర్ దొరికి, ఆ ఉత్తరం కాపీ పంపాక వదిలాడు. పోతూ పోతూ నీళ్లు తాగమని రెండు సీసాలిచ్చాడు. డాక్టర్‌గారు సీసా మూత తియ్యలేకపోయారు. నేను తీసిచ్చాను.

"ఇన్నేళ్లయింది ఈ దేశంలో. ఇవాళ నా చెయ్యి నాకే దొంగదిలా అనిపించిందే" అన్నారు.

తర్వాత మిగిలిన లాట్లు కూడా నడిచాం. మానెయ్యమని నేనంటే వినలేదు.

ఆ లెక్కలో ఒక చిక్కు వచ్చింది. ప్లేట్ మీద కౌంటీ పేరు పెట్టుకోవాలనే నియమం లేదు. దాని బదులు 'దేవుణ్ణి నమ్ముతాం' అన్న స్టిక్కర్ పెట్టుకోవచ్చు. అలాంటి కార్లు బోలెడు. అవి ఏ కౌంటీవో తెలీదు కాబట్టి, మిగతా కార్లలో మావి ఎన్నో చూసి అదే వాటా వీటికీ వేశాను. అయినా ఫారాల ద్వారా వచ్చిన లెక్కతో పోలిస్తే మా కార్ల లెక్క బాగా తక్కువ వచ్చింది, దాదాపు సగం. మా కౌంటీవాళ్లలో ఆ స్టిక్కర్ పెట్టుకున్నవాళ్లు ఎక్కువై ఉంటారని రిపోర్ట్‌లో ఒక వాక్యం రాసి ముందుకెళ్లాను. ఆ వాక్యం రాయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రిపోర్ట్ ఘనంగా తయారైంది. డల్లాస్‌కి యాభై సీట్ల విమానం రోజుకొకటి నిలబడుతుందని అందులో రాశాను. బోర్డు చప్పట్లు కొట్టింది. ఊరి పేపర్‌లో మొదటి పేజీలో వేశారు. మొదటి ఏడాది సీట్లు మిగిలిపోతే ఆ నష్టం కౌంటీ భరిస్తుందని ఒక హామీ కూడా సిద్ధమైంది. ఒక విమాన కంపెనీ నుంచి ప్లానింగ్ వాళ్లు మంగళవారం స్వయంగా వస్తున్నామన్నారు. అది అట్లాంటా ఫ్లైట్లు నడుపుతున్న కంపెనీయే కావడంతో అందరి ఆశా రెండింతలైంది. డాక్టర్‌గారు కరీంనగర్ అబ్బాయికి ఫోన్ చేసి, "ఇంకెక్కడా సంతకం పెట్టకు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఆ మంగళవారానికి ముందు శనివారం పొద్దున ఇంట్లో కూర్చుని, మీటింగ్‌లో ఎవరైనా అడుగుతారేమోనని ఫారాలన్నీ ఒకసారి తిరగేస్తున్నాను. పేపర్ మిల్లు ఫారం చేతిలో ఉంది. పై గడిలో చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'వెళ్లడం ఒకటి, రావడం ఒకటిగా లెక్కించండి.' ఆ అక్షరాలు నావే. ఆ ఫారం తయారుచేసింది నేనే. వాళ్లు నేను చెప్పినట్టే రెండు వైపులా కలిపి రాశారు. నేను మాత్రం అది మర్చిపోయి, స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి అంకెనీ మళ్లీ రెండుతో గుణించాను.

స్ప్రెడ్‌షీట్ తెరిచి, రెండు ఉన్న ఆ ఒక్క గడి మార్చాను. కింద లెక్కలన్నీ వాటంతటవే మారిపోయాయి. సరిగ్గా సగం. పార్కింగ్ లాట్లలో మేం నడిచి తెచ్చిన లెక్కకి అతికినట్టు సరిపోయింది. స్టిక్కర్ల తప్పు ఏమీ లేదు. ఆ కార్లు నాకు మొదటి నుంచీ నిజమే చెబుతున్నాయి.

లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. డల్లాస్ విమానం సగం ఖాళీగా పోతుంది. కౌంటీ నష్టం కడుతుంది. ఏడాది తిరక్కుండా రూట్ ఎత్తేస్తారు. పోతూ పోతూ అట్లాంటా ఫ్లైట్ జనాన్ని కూడా కొంత లాగేసుకుని పోతుంది కాబట్టి అదీ పోవచ్చు. రెండో రూట్ తెస్తానని వచ్చి, ఉన్న రూట్ కూడా పోగొట్టినదాన్నవుతాను.

షామ్‌బర్గ్‌కి, మా కంపెనీ ఓనర్‌కి ఫోన్ చేశాను. హైదరాబాద్ మనిషి. చెడ్డవాడు కాదు. మాట తొందర.

"ఎవరికన్నా చెప్పినవా?" అన్నాడు మొట్టమొదట.

"లేదు సర్. మీకే."

"చెప్పకు. చూడమ్మా, ఎయిర్‌లైన్‌కి వాళ్ల లెక్కలు వాళ్లకుంటయి. మన నంబర్ చూసి ఎవ్వడు విమానం వెయ్యడు. ఏస్తే ఏస్తరు, లేకుంటే లేదు. ఇప్పుడు నువ్వు తప్పయిందంటే కాంట్రాక్ట్ పోతది. కాంట్రాక్ట్ పోతే నిన్ను పెట్టడానికి నా దగ్గర వేరే ప్రాజెక్ట్ లేదు. తర్వాత అరవై రోజులు. నీకు తెల్వదా?"

నాకు తెలుసు. ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజుల్లో ఇంకొకటి దొరక్కపోతే దేశం వదిలిపోవాలి. ఆ అరవై అంకెని నాలాంటివాళ్లెవరూ మర్చిపోరు.

"ఆలోచించి చెప్తాను సర్" అని పెట్టేశాను. ఆ రోజంతా ఆలోచించలేదు, ఇల్లు తుడిచాను. రెండుసార్లు తుడిచాను.

మర్నాడు ఆదివారం. డాక్టర్‌గారింట్లో ఆ రోజు సందడిగా ఉంది. మంగళవారం వచ్చే అతిథులకి ఏం పెట్టాలని ఆంటీ జాబితా రాసుకుంటోంది. నా కంచంలో అన్నం అలాగే ఉండడం ఆవిడే ముందు చూసింది.

"ఏమైంది? జ్వరమా?"

"కాదాంటీ." ఆయన వైపు తిరిగాను. "డాక్టర్‌గారూ, లెక్క తప్పు చేశాను. డల్లాస్ లెక్క."

ఆయన నవ్వారు. "ఎంత తప్పు?"

"సగం. మనం చెప్పినదాంట్లో సగం మందే ఉన్నారు."

నవ్వు ఆగింది. ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. నేను ఆపాక ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు.

"నేను ఊరంతా తిరిగానమ్మా. ఒక్కొక్క ఆఫీస్‌కి వెళ్లి చెప్పాను. ఆ పిల్లాడికి చెప్పాను, వేరే ఆఫర్ వదులుకోమని. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"తప్పు నాదేనని నేనే చెప్తానండీ."

"నువ్వు చెప్తే? నువ్వు రేపు ఇంకో ఊరు పోతావ్. నేను పోను కదా." గొంతు పెరిగింది. "అసలు ఉన్న ఫ్లైట్ ఏం ఉద్ధరించిందని దాన్ని కాపాడాలి? పదిన్నరకి బయల్దేరితే అట్లాంటాలో పని దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం కదా, ఎవడికి పనికొస్తుంది? నేనే మీటింగ్ ఉంటే ముందు రోజు కార్‌లో పోతాను!"

ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను కంచం తీసి సింక్‌లో పెట్టి వచ్చేశాను. గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

కార్‌లో కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే ఆయన చివర్న అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. తిన్నగా టెర్మినల్‌కి పోయాను. ఫారాల్లో 'ఇక్కడ ఎందుకు ఎక్కలేదు' అన్న గడి ఒకటుంది. డల్లాస్ ధ్యాసలో పడి దాన్ని నేను సరిగ్గా చదవలేదు. ఆ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటే చదివాను. డల్లాస్ లేదని రాసినవాళ్లు కొద్దిమంది. చాలామంది రాసింది ఒకటే: పొద్దున ఫ్లైట్ ఆలస్యం, సగం రోజు పోతోంది, అట్లాంటాలో మారి ఎక్కాల్సిన పై ఫ్లైట్లు దొరకడం లేదు. ఒకావిడ 'పొద్దున ఆరింటికి ఒకటి వేయండి, నేను వారం వారం ఎక్కుతా' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

సోమవారం పొద్దున డైరెక్టర్‌కి చెప్పాను. ఆవిడ తలుపు వేసి, మొత్తం విని, చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత, "రేపటి మీటింగ్ రద్దు చేయమంటావా?" అంది.

"వద్దు. రెండో రూట్ అడగొద్దు. ఉన్న ఫ్లైట్ టైమ్ మార్చమని అడుగుదాం. పొద్దున వచ్చే విమానం ముందు రాత్రే వచ్చి ఇక్కడ ఆగాలి. పొద్దున ఆరింటికి మొదట బయల్దేరాలి."

"ఊరు నన్ను ఉరి తీస్తుంది" అంది ఆవిడ. తర్వాత, "మా అమ్మకి ముందు చెప్పాలి, పేపర్ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది" అంది. ఇద్దరం నవ్వలేదు. సాయంత్రం దాకా కూర్చుని కొత్త కాగితాలు తయారుచేశాం. ఓనర్‌కి నేనే ఈమెయిల్ పెట్టాను, చెప్పేశానని. జవాబు రాలేదు.

మంగళవారం బోర్డు గదిలో పన్నెండు మందిమి ఉన్నాం. విమాన కంపెనీ నుంచి ఒక మగాయన, ఒక అమ్మాయి. డాక్టర్‌గారు నాకెదురుగా కూర్చున్నారు, నా వైపు చూడలేదు. డైరెక్టర్ నన్ను మాట్లాడమంది. లేచాను.

"మేం మీకు పంపిన డల్లాస్ లెక్క తప్పు. అది నా తప్పు. అసలు లెక్క ఇది" అని కొత్త కాగితాలు పంచాను.

బోర్డులో ఒకాయన "ఏమిటీ?" అని అరిచినంత పని చేశాడు. ఇంకొకాయన కాగితం తిరగేసి మళ్లీ తిరగేశాడు. విమాన కంపెనీ ఆయన మాత్రం కదల్లేదు. కాగితం చివరి దాకా చదివి, "మా దగ్గరున్నది కూడా ఇదే" అన్నాడు.

బోర్డువాళ్లు కాగితాలు వదిలి ఆయన వైపు తిరిగారు.

"మీ రిపోర్ట్ చూశాక, వీళ్లకి తెలీదా, లేక మాకు తెలీదనుకుంటున్నారా అని మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే మేం డల్లాస్ గురించి రాలేదు. ఇక్కడి ఫ్లైట్లలో ఒకటి తగ్గించే సంగతి ఎదురుగా చెప్పాలని వచ్చాం."

డైరెక్టర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. అప్పుడా అమ్మాయి రెండో పేజీ తీసింది, టైమ్ మార్పు గురించి రాసింది. "ఇందులో కార్ల లెక్క ఉంది. ఇది ఎవరు చేశారు? ఇదీ మార్చాలా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపల డాక్టర్‌గారు మాట్లాడారు.

"మేమిద్దరం చేశాం. అందులో మార్చడానికేం లేదు. ప్రతి వరసా నా కాళ్లతో నడిచాను." కాస్త ఆగి, "ఆ కార్లలో ఒకటి నాది ఉండేది, ఆ వారం అక్కడ పెట్టి ఉంటే. నాకు డల్లాస్ కావాలి. నా కారణాలు నాకున్నాయి. కానీ ఈ అమ్మాయి అడుగుతున్నది న్యాయం. పొద్దున ఆరింటికి ఫ్లైట్ ఉంటే నేను కారు తియ్యను" అన్నారు.

చెప్పి కూర్చున్నారు. అప్పటికీ నా వైపు చూడలేదు.

వాళ్లు ఏమీ తేల్చకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. పేపర్ ఈసారి కూడా మొదటి పేజీలోనే వేసింది. ఓనర్ నన్ను ప్రాజెక్ట్ నుంచి తప్పించి, కాంట్రాక్ట్ గడువు అయ్యేదాకా జీతం ఇస్తాననీ, తర్వాత తన చేతిలో లేదనీ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నేను ఉత్తరాన ట్రాయ్ నుంచి దక్షిణాన టాంపా దాకా ఉద్యోగాలకి అప్లై చేశాను. కరీంనగర్ అబ్బాయి టెక్సాస్‌లోనే ఒక ఆసుపత్రిలో చేరిపోయాడు. ఆ కబురు ఆంటీ ఫోన్‌లో చెప్పింది. ఆదివారాలు నేను ఇంట్లోనే వండుకునేదాన్ని. ఐదో ఆదివారం మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. డాక్టర్‌గారు. కార్‌లో ఆంటీ.

"నిన్ను మళ్లీ పిలవనని మొదటి రోజే చెప్పాను కదా. రావాలని నీకే తెలియాలి" అన్నారు. చెప్పులేసుకుని వెళ్లాను. తినేటప్పుడు ఎవరం ఎయిర్‌పోర్ట్ ఊసెత్తలేదు.

విమాన కంపెనీ నిర్ణయం చివరికి వచ్చింది. డల్లాస్ లేదు. ఫ్లైట్ తగ్గించడం కూడా ప్రస్తుతానికి లేదు. పొద్దున ఫ్లైట్ ఆరు పదికి మారుస్తున్నాం, ఆరు నెలలు చూస్తాం, జనం రాకపోతే ఒకటి ఖాయంగా తీసేస్తాం అని.

మొదటి రోజు నేను ఐదింటికల్లా టెర్మినల్‌లో ఉన్నాను. నాకక్కడ పని లేదు, ప్రాజెక్ట్ నాది కాదు. అయినా కూర్చున్నాను. డైరెక్టర్ తలుపు దగ్గరే నిలబడింది. ఐదుంపావుకి ఆరుగురు. ఐదున్నరకి పద్నాలుగు. ఇక ఎవరూ రారేమో అనిపించింది. రోడ్డు మీద హెడ్‌లైట్లు కనపడితే చూడడం, అవి మలుపు తిరక్కుండా తిన్నగా పోతే మళ్లీ కూర్చోవడం. డయాలిసిస్ సెంటర్‌కి పోతూ డాక్టర్‌గారు ఆగారు. నా పక్కన నిలబడి ఆయన కూడా వచ్చేవాళ్లని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పేపర్ మిల్లు నుంచి ఒక గుంపు వచ్చింది. తర్వాత చర్చివాళ్లు. తర్వాత ఒకావిడ పరుగెత్తుకుంటూ, పిల్లని చంకనేసుకుని.

"ముప్పై ఒకటి" అన్నారు ఆయన, తలుపు మూశాక.

"ముప్పై అండీ."

"నేను బాగా చూశాను."

"చంకలో పిల్లకి సీటు లేదండీ. లెక్కలోకి రాదు."

ఆయన నా వైపు తిరిగి చూశారు. "ఈసారి నీ లెక్కే ఒప్పుకుంటాను" అన్నారు.

రెండో రోజు పంతొమ్మిది మందే. మూడో రోజు పొగమంచు పట్టి ఫ్లైట్ ఎనిమిదింటి దాకా లేవలేదు. అట్లాంటాలో పై ఫ్లైట్లు తప్పిపోయిన వాళ్లలో ఇద్దరు డైరెక్టర్‌కి ఫోన్ చేసి, ఇక కార్‌లోనే పోతామన్నారు. ఆ ఆరు నెలల్లో ఏ వారమూ ధైర్యంగా లేదు. ఒక వారం బాగుంటే తర్వాతి వారం పడిపోయేది. నాకు ఈలోగా అట్లాంటాలో ఇంకో కంపెనీలో ఉద్యోగం దొరికింది, కాంట్రాక్ట్ గడువుకి పదకొండు రోజుల ముందు. ఇంటర్వ్యూలో ఎందుకు మారుతున్నావని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇప్పుడు అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటున్నాను. డాక్టర్‌గారు ఇంకా పని మానలేదు. తన చోటికి డాక్టరు కోసం వెతుకుతూనే ఉన్నారు. ఆయనతో మాట్లాడిన ప్రతిసారీ ఆ సంగతి అడగాలా వద్దా అని తటపటాయిస్తాను. అడగను. ఆయనే చెబుతారు, ఫలానా అతను వచ్చి చూసి వెళ్లాడని, భార్య ఏమంటుందో చూడాలని.

ఆరు నెలలు ముగిసిన వారం డైరెక్టర్ ఒక ఈమెయిల్ పంపింది. పైన ఏమీ రాయలేదు, విమాన కంపెనీ పంపినదాన్నే నాకు ఫార్వర్డ్ చేసింది. రెండు ఫ్లైట్లూ అవే టైములకి మరో ఏడాది నడుస్తాయని అందులో ఉంది. ఆఫీస్‌లో ఉన్నాను, చుట్టూ మనుషులున్నారు. స్క్రీన్ మీద ఆ లైను మూడుసార్లు చదివి, తేదీ సరిచూసుకుని, లేచి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగాను. తర్వాత ఆంటీకి ఫోన్ చేశాను, డాక్టర్‌గారు ఆ టైమ్‌లో పేషెంట్ల దగ్గర ఉంటారని.